ఎండిన విత్తనాల ఫొటోలకి క్లిప్ లెన్సా, మాక్రోనా, ట్యూబా?

సంక్రాంతికి అటూ ఇటూ మా తిరుపతిలో మిద్దె మీద కుండీలన్నీ ఎండి విత్తనాలకి వస్తాయి, తులసి వెన్నులు, బంతి, గోడవార దానంతటదే మొలిచిన గడ్డిచామంతి, తుత్తురబెండ, వీటిని దగ్గర నుంచి తీయడానికి మూడు రకాలు వాడి చూసినా.

ఫోన్‌కి తగిలించే క్లిప్ లెన్స్ చవక, కాదనను. కానీ రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి పోతేగానీ ఫోకస్ పడదు, అంత దగ్గరికి పోతే ఫోన్ నీడే పడతాది, గడ్డిచామంతికైతే మన ఊపిరి తగిలినా నూగంతా లేచిపోతాది, అట్లా ఎన్ని పోగొట్టుకున్నానో. తుత్తురబెండ కాయ గట్టిది (చిన్నప్పుడు దాంతో అచ్చులేసేవాళ్ళం), దానికి ఓకే.

100 ఎంఎం మాక్రో లెన్స్ (దగ్గర ఫొటోల కోసమే చేసింది) ఫ్రెండ్ దగ్గర అప్పు తెచ్చి చూసినా. 1:1లో, అంటే వస్తువు ఎంతుందో సెన్సర్ మీద బొమ్మ కూడా అంతే సైజులో పడేలా తీసినా, లెన్స్ ముందు ఇంకా 13, 14 సెంటీమీటర్లు జాగా ఉంటాది, దాని గొప్పంతా అదే. సీతాకోకచిలుకలు తీసేవాళ్ళకి అది కావాల్సిందే, విత్తనం ఎక్కడికి పారిపోతాదబ్బా, దానికి అంత డబ్బు పెట్టడమెందుకు?

అందుకే నా ఓటు ఎక్స్‌టెన్షన్ ట్యూబ్‌కి. లోపల గాజుండదు, ఉత్త గొట్టం, లెన్స్‌ని సెన్సర్ నుంచి దూరం జరుపుతాది అంతే. 50 ఎంఎం లెన్స్‌కి 25 ఎంఎం గొట్టం పెడితే సగం సైజు, 50 ఎంఎం గొట్టం పెడితే 1:1 వచ్చేస్తాది. కాంటాక్టులు (కెమెరాని లెన్స్‌తో కలిపే కరెంటు బిళ్ళలు) ఉండేదే కొనండి, నేను చవకని లేనిది తెచ్చి అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) మార్చలేక మూల పడేసినా.

ఏది వాడినా ఒక తిప్పలుంది, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 1:1కి అపర్చర్ తగ్గించి ఎఫ్8 పెట్టినా షార్ప్‌గా ఉండేది ముందూ వెనకా కలిపి ఇంచుమించు 1 మిల్లీమీటర్ మందమే, సరేలే అని రంధ్రం ఇంకా చిన్నదయ్యే ఎఫ్22కి పోతే డిఫ్రాక్షన్‌తో (సన్న రంధ్రంలో వెలుతురు చెదరడంతో) బొమ్మంతా మెత్తబడిపోతాది. అందుకే కాడ కోసి ఇంట్లో సీసాలో నిలబెట్టి, ఫ్యాన్ ఆపి, వెనక నల్లగుడ్డ కట్టి, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టుకుని, కెమెరాని కొంచెం కొంచెం జరుపుతా 15, 20 ఫొటోలు తీసి, ఒక్కోదాంట్లో షార్ప్‌గా ఉన్న భాగాలన్నీ కంప్యూటర్‌లో కలుపుతా. మిద్దె మీద గాలికి ఇది అయ్యే పనేనా!

ఒక్క తులసితోనే చిక్కు. ఫొటో కోసం వెన్ను కోస్తానంటే మా అమ్మ ఊరుకోదు, మొక్క మీదనే తీయాల, ట్యూబ్ పెడితే లెన్స్ కొమ్మల్లోకి దూరి అన్నీ కదిలిపోతాయి. దానికి మాత్రం పొద్దున్నే గాలి లేనప్పుడు చూసుకుని మళ్ళీ ఫ్రెండ్ మాక్రోనే అడుక్కుంటాండా.