నాగార్జునకొండ బోటు, మ్యూజియం: ఉన్న గంటలో ఏం చూడాలి

విజయపురి సౌత్ రేవు నుంచి కొండకు బోటులో ముప్పావు గంట పైనే. మామూలుగా అదే బోటు ఓ గంట ఆగి వెనక్కి తెస్తుంది. ఈ యాత్రకు మార్కులు తగ్గేది అక్కడే, ఆ గంట బొత్తిగా చాలదు. జనం చేరితేనే బోటు కదులుతుంది కాబట్టి ఉదయం మొదటి బోటుకే వెళ్లండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు.

మీరు దిగేది అసలు చోటు కాదు. ఇక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి కింద, నీళ్లలో ఉంది. సాగర్ నిండకముందే 1954-60 మధ్య పురావస్తు శాఖ అధికారి ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ తవ్వి, తొమ్మిది కట్టడాలను ఊడదీసి పైన మళ్లీ పేర్చారు. కొన్నిటికి నమూనాలు మాత్రమే కట్టారు. బోర్డు చదవకపోతే నమూనానే అసలనుకుని ఫోటోలు తీసుకుంటారు. స్తూపం పునాదిని కాస్త ఎత్తు నుంచి చూడండి: బండిచక్రం ఆకుల్లా నడిమి నుంచి చుట్టుగోడకు ఇటుక గోడలు. ఆ గదుల్లో మట్టి కూరేవారు, ఇటుక కలిసొచ్చేది.

మ్యూజియం లోపల బుద్ధుడి శిల్పాల దగ్గరే అందరూ ఆగిపోతారు. ఛాయాస్తంభాలను వదలకండి. చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన పలనాటి సున్నపురాయి పలకలవి. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడికే కాదు, యుద్ధంలో పడిన సైనికులకూ, పనివాళ్లకూ ఉన్నాయి. ఊరి చరిత్ర అంటే ఇదే కదా!

తర్వాత లోయ నమూనా దగ్గర ఆగండి. 1926లో ఇక్కడి పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేసింది స్థానిక బడిపంతులు సూరపరాజు వెంకటరామయ్య. ఆ తర్వాతే శాసనాల శాఖవాళ్లు వచ్చారు. నాగళ్లు ఆడిన ఆ నేలతో పాటు పుల్లారెడ్డిగూడెం కూడా మునిగింది. రాళ్లు కొండెక్కాయి, మనుషులు ఊరు మారారు. ఆ సంగతి తెలియాలంటే రేవు దగ్గర టీకొట్టులో పెద్దవాళ్లను పలకరించడమే మేలు.

వెనక్కి వచ్చాక దగ్గర్లోని అనుపు అనే చోటు చూడటం మానేయకండి, ఆటోలో వెళ్లొచ్చు. లోయలోంచి తెచ్చి కట్టిన రంగస్థలం అక్కడుంది. నడిమి అరుగు మీద నిలబడి ఒక్క చప్పట్లు కొట్టి, పై మెట్టు మీదున్నవాళ్లకు ఎలా వినిపించిందో అడగండి. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం వద్దు, రాతిమెట్లు కాలుతుంటాయి.