జాగ్రత్త: "మొత్తం పైథానే" అని అమ్ముతున్న బిల్లింగ్ స్క్రిప్ట్

పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల వాళ్లకి విజయనగరం నుంచి వచ్చి బిల్లింగ్ స్క్రిప్టులు అమ్మే ఆయన ఎవరో నేను పేరు చెప్పక్కర్లేదు. పద్దెనిమిది వేలు తీసుకున్నాడు. "మొత్తం పైథానే, రేపు ఎవరిచేతైనా మార్పించుకోవచ్చు" అన్నాడు. పైథాన్ అంటే ఒక ప్రోగ్రామింగ్ భాష. డబ్బు ముట్టాకే ఫైలు పంపాడు.

నిన్న మంగళూరు పార్టీకి డబ్ల్యూ 320 గ్రేడు జీడిపప్పు లోడయింది. లారీ గేటు దగ్గర ఆగి ఉంది, బిల్లు రాదు. మిగతా అందరికీ వస్తోంది, ఈ ఒక్క పార్టీకే రాదు. ఫైలు తెరిస్తే అది బాష్ (కంప్యూటర్ కమాండ్లు నడిపే వేరే భాష) స్క్రిప్ట్! డబుల్ కోట్స్ మధ్య ఇరికించిన పైథాన్, మధ్యలో ఆక్, చివర్లో పెర్ల్ అని ఇంకో రెండు భాషలు. ఆ పైథాన్ కూడా పాత రెండో వెర్షన్, 2020 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోయినది. కస్టమర్ పేరుని బాష్ తీసుకెళ్లి నేరుగా పైథాన్ కోడ్‌లో అతికిస్తోంది. పార్టీ పేరు డి'సౌజా. డి పక్కనున్న సింగిల్ కోట్ దగ్గరే స్ట్రింగ్ (కోట్స్ మధ్య రాసే అక్షరాలు) ముగిసిపోయింది, మిగిలిన పేరుని కోడ్ అనుకుని పైథాన్ సింటాక్స్ ఎర్రర్ ఇచ్చింది. బిల్లు ఆగడం ఒక ఎత్తు. పేరు గడిలో ఎవడైనా కావాలని కోడ్ కొడితే అదీ నడుస్తుంది, మా లెడ్జర్లన్నీ ఉన్న కంప్యూటర్లో!

వెంటనే ఫోన్ చేశాను. పైథాన్ అని చెప్పి ఇదేమిటండీ అని మర్యాదగానే అడిగాను. "ఏటి బాబూ, ఇన్నాళ్లూ బిల్లొచ్చిందా లేదా? జీడిపప్పు అమ్ముకునేవోళ్లకి లోపల ఏ కోడుంటే ఏటి?" అన్నాడు. పక్కన ఎవరో నవ్వుతున్నారు కూడా. బాగుచెయ్యడానికి ఇంకో ఆరు వేలన్నాడు. నేను మాట్లాడుతుండగానే పెట్టేశాడు. మా నాన్నగారు పక్కనే నిలబడి అంతా విన్నారు. డబ్బు కన్నా ఆ మాటే ఇంకా మండుతోంది.

ఒక భాషలో ఇంకో భాష కలపడం తప్పని అనను. లెక్కలు కూడటానికి బాష్‌లో ఒక ఆక్ లైను అందరూ పెడతారు. కానీ అలా కలిపానని కొనేవాడికి చెప్పాలి, డేటాని కోడ్‌లో కలపకుండా ఆర్గ్యుమెంట్‌గా, అంటే కోడ్‌కి బయట విడిగా ఇచ్చే విలువగా, పంపాలి. హియర్‌డాక్ (బాష్ ఫైల్లోనే ఇంకో భాష కోడుని లైన్లు లైన్లుగా రాసి ఆ భాషకి పంపే పద్ధతి) వాడితే మొదట్లో రాసే ఈఓఎఫ్ అనే హద్దు పదాన్ని కోట్స్‌లో పెట్టాలి, లేకపోతే లోపలి కోడ్‌లోని డాలర్ గుర్తుల్ని బాష్ తన వేరియబుల్స్ అనుకుని మార్చేస్తుంది.

డబ్బిచ్చే ముందే ఫైలు తెరిపించి మొదటి లైను చూడండి, స్క్రిప్ట్ ఏ భాషలో నడుస్తుందో మామూలుగా అక్కడే ఉంటుంది. టెక్కలి, సోంపేటల్లో ఇదే స్క్రిప్ట్ వాడుతున్నవాళ్లు ఈ రోజే సింగిల్ కోట్ ఉన్న పేరుతో ఒక డమ్మీ బిల్లు కొట్టి చూడండి. ఆగిపోతే మీదీ అదే కోడు.