నట్టింటి గోడకి కింద ముదురాకుపచ్చ, పైన ఐవరీ: ఇన్నేళ్ళు వాడాక నా రివ్యూ

ఏ కంపెనీ పెయింట్ మంచిది, లీటరు ఎన్ని చదరపు అడుగులకి వస్తుంది లాంటివి ఎవరైనా చెప్తారు, నేను వాటి జోలికి పోను. నేను చెప్పేదంతా ఆ రెండు రంగుల మధ్య గీత గురించే.

మాది పర్లాకిమిడిలో పాత బారు ఇల్లు. రెండు పక్కలా పక్కింటోళ్ళ గోడలే, నట్టింటికి కిటికీ లేదు, వీధి గుమ్మంలోంచి కొంత, పెరటి వైపునుంచి కొంత వచ్చే వెలుతురే గతి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను కొట్టాక రిపేర్లతో పాటు ఆ గదికి రంగులు కూడా మార్పించాం, నేల నుంచి 42 అంగుళాల దాకా ముదురాకుపచ్చ, ఆపైన ఐవరీ. ఇప్పటిదాకా మళ్ళీ వేయించలేదు, అంటే మీరే అర్థం చేసుకోండి.

చీకటి గదికి ముదురు రంగేటి అని అడగనోళ్ళు లేరు. కొన్ని షేడ్ కార్డుల్లో ఎల్ఆర్‌వీ అని ఒక నంబర్ ఇస్తారు, పడ్డ వెలుతురులో నూటికెంత ఆ రంగు వెనక్కి కొడుతుందో చెప్పేది. మా ఆకుపచ్చది 10 లోపే, ఐవరీది 70 పైన. గదంతా ఆకుపచ్చ వేస్తే గుహే, అందులో డౌట్ లేదు. కానీ ట్యూబ్‌లైట్ ఉండేది పైన, ఆ వెలుతురుని గదిలోకి మళ్ళీ కొట్టేది స్లాబూ, పైగోడా. కింద గోడ ఎలాగూ కుర్చీలు, మంచం, బియ్యం డబ్బా వెనకాలే ఉంటుంది, అది తెల్లగా ఉన్నా మనకొచ్చేది తక్కువే. మా అమ్మమ్మ వాళ్ళింట్లో కింద ఎర్రమట్టి, పైన సున్నం ఉండేది, వాళ్ళకి ఈ నంబర్లేవీ తెలీకపోయినా లెక్క మాత్రం అదే.

42 అంగుళాలే ఎందుకంటే, కుర్చీ వీపు 33 దగ్గర గోడకి రాసుకుంటుంది, కింద కూచుని గోడకి జారబడితే తలనూనె మరక 36 లోపే పడుతుంది, మా స్విచ్‌బోర్డు అడుగు 48 దగ్గర మొదలవుతుంది. గీత బోర్డు మధ్యలోంచి పోతే చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది కాబట్టి దానికిందే ఆపాలి. ఈ టేపు లెక్క చూసుకున్నాకే రంగు కొన్నాం.

ఇక అసలు సంగతి. గది పొడవు 16 అడుగులు. మా పెయింటర్ మేస్త్రీ నీళ్ళు నింపిన పైపు పట్టుకుని (రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టానికి నిలుస్తాయి కదా) గోడ రెండు చివర్లా లెవెల్ మార్క్ పెట్టి దారం కొట్టాడు. వెనక్కొచ్చి చూస్తే గీత పెరటి వైపు ఎగబాకుతున్నట్టుంది. నేను పైపులో గాలి బుడగుందేమో అన్నాను, ఆయన మళ్ళీ పట్టాడు, అదే మార్కు. అప్పుడు నేల కొలిచాడు. పాతకాలంలో కడిగిన నీళ్ళు పెరట్లోకి పోవాలని వాటం పెట్టి కట్టారు కదా, ఈ చివరికీ ఆ చివరికీ రెండంగుళాలకి కాస్త తక్కువ తేడా ఉంది. కన్ను స్లాబుతో పోల్చుకోదు, దగ్గరున్న స్కర్టింగ్‌తో, అంటే గోడ అడుగున నేల వెంబడే పోయే పట్టీతో పోల్చుకుంటుంది, అందుకే అలా. "గీత లెవిలే బాబూ, మీ నేలే లెవిల్ లేదు. ఇలగే వదిలేస్తే వచ్చినోళ్ళందరూ మేస్త్రీకి చూపు లేదేటి అంటారు" అన్నాడు. పోనీ నేలతో పాటే వాల్చేద్దామంటే స్విచ్‌బోర్డులు, గుమ్మం పైకమ్మి అన్నీ లెవెల్లో ఉన్నాయి, వాటి పక్కన వాలు గీత ఇంకా ఘోరం.

టీ తాగొచ్చి ఆయన చేసిన పని చూడండి. ఆ గోడ మధ్యలో మా ఇనప బీరువా ఉంటుంది, మూడడుగుల వెడల్పు. బీరువాకి ఇటు వైపు గీత లెవెల్లోనే 42 దగ్గర మొదలెట్టాడు, బీరువా వెనకాల దాన్ని ఓ అంగుళం కిందికి దించేశాడు, అటు వైపు అక్కడి నేలకి మళ్ళీ 42 దగ్గర నుంచి లెవెల్‌గా పోనిచ్చాడు. రెండంగుళాల తేడా కాస్తా ఒక్కో వైపు ముప్పావంగుళం కూడా లేకుండా పోయింది, అది ఎవడి కంటికీ ఆనదు. ఎదుటి గోడకి పక్క గది గుమ్మం ఉంది కాబట్టి అక్కడ ఆ విరుపు గుమ్మం దగ్గరే తీసుకున్నాడు. ఇంటికొచ్చిన ఇంజనీర్ చుట్టం ఒకాయన ఆ గీతని మెచ్చుకుని మరీ పోయాడు, నేను బీరువా సంగతి చెప్పలేదు.

అయితే ఆ మధ్య ఫ్రిజ్ నట్టింట్లోకి తేవాలని మా ఆవిడ బీరువా జరిపించింది. అంగుళం మెట్టు బయటపడింది. దాని మీద క్యాలెండర్ వేలాడదీసి చూసింది, నడుం ఎత్తులో క్యాలెండర్, తేదీ చూడాలంటే వంగాలి. రెండ్రోజులకి బీరువా మళ్ళీ యథాస్థానం, ఫ్రిజ్ వంటింట్లోనే. అంటే ఈ ట్రిక్ బాగుంది గానీ, ఒక సామాను ఆ గోడకి జీవితఖైదు.

తలనూనె మరకలు పచ్చలోనే పడి కనపడవనుకున్నాం కదా, అదీ కింద కూచునేవాళ్ళ వరకే. టెక్కలి నుంచి మా మావయ్యగారొస్తే ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి వాల్చి తల గోడకానిస్తారు, ఆ నూనె నేరుగా ఐవరీ మీద. ఆయన్ని ఏమనగలం.

వానాకాలం పోయాక ఇంకోటి. ఇటుకలోని చెమ్మ ఆరేటప్పుడు ఉప్పు బయటికొచ్చి పొడిపొడిగా తెల్లగా పూస్తుంది, లేత రంగు మీద అయితే పట్టించుకోం, ఆకుపచ్చ మీద విభూతి రాసినట్టుంటుంది. తడిగుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది, పొడి బ్రష్‌తో దులపాలి. టచప్ అంటారా, ముదురు షేడ్లు మెషీన్‌లో కలిపించేవి, కోడ్ అదే చెప్పినా రెండోసారి కలిపినప్పుడు పిసరంత తేడా వచ్చి మచ్చలా కనిపిస్తుంది. మొదట్లోనే అర లీటరు పక్కన పెట్టుకుంటే నయం. పూర్తి మ్యాట్, అంటే అస్సలు మెరుపు లేనిది మాత్రం కింద వేయించకండి, తుడిచి తుడిచి ఆ చోటే మెరుపెక్కుతుంది, మాది కాస్త షీన్ ఉన్నది కాబట్టి బతికిపోయాం. లైట్ కూడా 6500 కెల్విన్ (లైటు రంగు చెప్పే నంబర్, ఎక్కువైతే నీలం ఛాయ) తెల్ల ట్యూబ్ కింద ఆ పచ్చ నీలంగా కొట్టేది, 4000 కెల్విన్‌ది పెట్టాక షాపులో చూసిన రంగు కనిపించింది.

వేయించుకోవచ్చా అంటే, మాకు స్లాబు పదడుగుల ఎత్తు, ఇల్లు సొంతం, ఇంట్లో పిల్లలున్నారు, మాకు సరిపోయింది. అద్దిల్లయితే ఓనర్ ఆ పచ్చని మళ్ళీ తెలుపు చేయించమంటే ప్రైమర్‌తో కలిపి ఎన్ని కోటింగులు పడతాయో ముందే అడిగి పెట్టుకోండి. గోడ అడుగున చెమ్మ ఎక్కువున్న ఇళ్ళకి నేనైతే చెప్పను. పాత ఇల్లయితే మాత్రం రంగు కొనేముందు నీళ్ళ పైపు పట్టించి నేల వాటం చూసుకోండి, బీరువా ఎక్కడ పెడతారో కూడా ఇంట్లోవాళ్ళని ఆ రోజే అడిగేయండి.