జాగ్రత్త: పొద్దున కంప్యూటర్ ఆన్ చేయగానే గరగర వస్తే ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) మార్పించుకోకండి, ముందు ఇది చదవండి

హన్మకొండలో ఒక దుకాణంలో (పేరు రాయడం లేదు) ఈ చలికాలం జరిగింది. మూడేళ్లు నిండని అసెంబుల్డ్ డెస్క్‌టాప్. పొద్దున ఆన్ చేయగానే గరగర, రెండు మూడు నిమిషాలకు చప్పుడు దానంతటదే బంద్. ‘ఎస్‌ఎమ్‌పీఎస్ పోయింది, ఇట్లనే వాడితే మదర్‌బోర్డు కాలుతది’ అని భయపెట్టి 2,200 రూపాయలు తీసుకుని కొత్తది బిగించారు. తెల్లారి మళ్లీ అదే గరగర. చప్పుడు చేసింది కేబినెట్ వెనక ఫ్యాన్, మూడు నాలుగు వందల సామాను! బాగున్న కంపెనీ ఎస్‌ఎమ్‌పీఎస్ దుకాణంలోనే ఉండిపోయింది, బదులుగా వచ్చింది ఊరూ పేరూ లేనిది. దాని మీద 450 వాట్లు అని పెద్దక్షరాల్లో ఉంది. స్టిక్కర్‌లో 12 వోల్టుల గడి చూస్తే 16 ఆంపియర్లే. 12ను 16తో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ పోయేది ఆ 12 వోల్టుల కరెంటే. ఎవరు ఎస్‌ఎమ్‌పీఎస్ అమ్మినా ముందు ఆ గడి చూడండి.

ఈ మోసం సులువుగా నడవడానికి కారణం ఉంది. చవక ఫ్యాన్లలో స్లీవ్ బేరింగ్ (ఇరుసు తిరిగే నున్నటి గొట్టం) ఉంటుంది, లోపల కాస్త నూనె. రెండు మూడేళ్లకు అది ఎండిపోతుంది, మిగిలిన జిడ్డు చలికి గట్టిపడుతుంది. కాసేపు తిరిగి వేడెక్కితే పలచబడి చప్పుడు ఆగుతుంది. కాబట్టి నర్సంపేట నుంచో పరకాల నుంచో మధ్యాహ్నం ఎండలో మోసుకొచ్చిన డబ్బా దుకాణంలో నిశ్శబ్దంగా నడుస్తుంది. ఇగ దుకాణదారు ఏది చెబితే అదే రోగం. పొద్దున్నే, రాత్రంతా ఆపి ఉంచిన తర్వాత, ఆన్ చేసిన క్షణం నుంచి ఐదు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లండి.

ఆన్ చేయగానే రెండు మూడు సెకన్లు ‘వూఁ’ అని వచ్చి తగ్గితే అది జబ్బే కాదు. బయోస్ (ఆన్ చేయగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్) పగ్గాలు పట్టేదాకా ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతాయి. ‘టిక్ టిక్’ అని లెక్కపెట్టినట్టు వస్తే రెక్కకు ఏదో వైరు తగులుతోంది, ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టేస్తే సరి. పొద్దంతా హోరుమంటే మాత్రం దుమ్ము పట్టిన హీట్‌సింకో (ప్రాసెసర్ వేడి లాగే లోహపు రెక్కలు), ఆ రెంటి మధ్య రాసే థర్మల్ పేస్టు ఎండిపోవడమో.

ఏ ఫ్యానో తేల్చుకోవడం పది నిమిషాల పని. ప్లగ్గు పీకి, పక్క డోరు తీసి, కేబినెట్ ఫ్యాన్ వైరు బోర్డు నుంచి ఊడదీయండి. మర్నాడు పొద్దున ఆన్ చేయండి. చప్పుడు లేకుంటే దొంగ దొరికినట్టే. సీపీయూ ఫ్యాన్ (ప్రాసెసర్ మీది) వైరు మాత్రం పీకొద్దు. నడుస్తుండగా దాని నడిమి స్టిక్కర్ మీద వేలి కొస ఒక్క సెకను ఆనించండి, చప్పుడు మారితే అదే. రెక్కల జోలికి పోవద్దు. ఎస్‌ఎమ్‌పీఎస్ మీద అనుమానముంటే పాత పేపరు గొట్టంలా చుట్టి వెనక నుంచి చెవి పెట్టి వినండి. ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

దుమ్ము సంగతి కూడా చూసుకోండి. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, జిన్నింగ్ మిల్లుల దగ్గర ఉండేవాళ్లకు పత్తి సీజన్‌లో హీట్‌సింక్ రెక్కల మధ్య దూది పరుపులా పేరుకుంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ను పుల్లతో కదలకుండా ఆపండి. గాలికి విచ్చలవిడిగా తిరిగితే ఉన్న బేరింగ్ కూడా అరుగుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొడితే రెండ్రోజులు బాగుంటుంది, మిగిలిన నూనె కూడా కడుక్కుపోయి మూడో రోజు ఇంకా అరుస్తుంది. కొబ్బరినూనె అసలే వద్దు, బంకవుతుంది. కుట్టు మిషన్ నూనె ఒక చుక్క వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది, గంతే.

కొత్త ఫ్యాన్ కొనేటప్పుడు ఇంకో మోసం: పాతది తుడిచి, కొత్త స్టిక్కర్ వేసి ఇవ్వడం. నాలుగు మూలల రంధ్రాల్లోకి చూడండి. కొత్తదైతే ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది, ఒక్కసారి స్క్రూ దిగినా మరలు కోసుకుని కనబడతాయి. రెక్కల అంచున గోటితో గీకితే నల్లటి మరక వచ్చినా అదే కథ. పాత ఫ్యాన్ సైజు, 80 మిల్లీమీటర్లా 120ఆ, పిన్నులు మూడా నాలుగా చూసుకుని వెళ్లండి. బాల్ బేరింగో, ఫ్లూయిడ్ బేరింగో ఉన్నది అడగండి. కేబినెట్ పైకప్పుకు పడుకోబెట్టి బిగించేదైతే స్లీవ్ తీసుకోకండి, తొందరగా అరుగుతుంది.

అరిచేది సీపీయూ ఫ్యానే అయితే జేబులో చేయి పెట్టే ముందు ప్రాసెసర్ బాక్సు వెతకండి. ఇంటెల్, ఏఎమ్‌డీ రిటైల్ బాక్సు ప్రాసెసర్లకు 3 ఏళ్ల వారంటీ, డబ్బాలో వచ్చిన కూలర్‌కూ (ఫ్యాన్, హీట్‌సింక్) అది వర్తిస్తుంది. అసెంబుల్ చేసినప్పుడు ట్రే ప్రాసెసర్ (రిటైల్ బాక్సు లేకుండా విడిగా వచ్చేది) అంటగట్టి ఉంటే ఆ వారంటీ దొరకదు. కొత్త సిస్టమ్ కొనేవాళ్లు సీల్ మీ ఎదుటే తీయించి, ఖాళీ డబ్బా ఇంటికి తెచ్చుకోండి.

రిపేరుకు ఇచ్చేటప్పుడు ఎస్‌ఎమ్‌పీఎస్, ర్యామ్, హార్డ్ డిస్క్ సీరియల్ నంబర్లు ఫొటో తీసుకోండి. తీసేసిన పాత పార్టు మీదే, అడిగి తెచ్చుకోండి. బిల్లు లేకుండా ‘తక్కువకే చేస్తా’ అంటే ఒప్పుకోకండి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీద ఉన్నా, లోపమున్న సరుకు విషయంలో అది చెల్లదు. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వాపసు తీసుకోనంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది అనుచిత వ్యాపారమే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి, 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. బిల్లు, సీరియల్ ఫొటోలు, ఆ పొద్దుటి వీడియో జతచేయండి.