స్లైడర్‌ని ఆపాలంటే ఏది మేలు: డిజేబుల్డా, సీఎస్ఎస్సా, ఆరియానా?

హన్మకొండలో నా దగ్గర వెబ్ పని నేర్చుకునే పిల్లలు నెలకోసారైనా అడుగుతారు, "అన్నా, స్లైడర్‌ని కాసేపు కదలకుండా ఆపాలంటే ఏది వాడాలె?" అని. స్లైడర్ అంటే పేజీలో బటన్‌ని అటూ ఇటూ లాగి అంకె ఎంచుకునే గీత. కొందరు హెచ్‌టీఎంఎల్‌లో డిజేబుల్డ్ అనే మాట పెడతారు, కొందరు పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌లో పాయింటర్-ఈవెంట్స్‌ని నన్ (అంటే మౌస్, వేలు తగలకుండా) చేసి చేతులు దులుపుకుంటారు, ఈ మధ్య తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ల కోసం పెట్టే ఆరియా-డిజేబుల్డ్ గురించి చదివొచ్చి అదే కరెక్టని వాదించేవాళ్లు తయారయ్యారు. నేను డిజేబుల్డ్ వైపే. ఎందుకో నాకు కూడా వరంగల్ కొత్తవాడలో ఒక జంపఖానా దండుగైతే గానీ తెలిసిరాలేదు.

అక్కడ మగ్గాలు నడిపించే ఒక కాకకి ఆర్డర్ల పేజీ చేసిచ్చాను. రెడీ సైజు కావాలంటే 4×6 అడుగులు, లేదంటే సొంత కొలత. సొంత కొలత నొక్కితేనే పొడుగు స్లైడర్ కదలాలి, 4 నుంచి 12 అడుగుల దాకా. తొందరలో పాయింటర్-ఈవెంట్స్ నన్ పెట్టి కొంచెం మసకగా చేసి వదిలేశాను, వేలు పెట్టి లాగినా కదలట్లేదు కదా, ఇంకేం కావాలి అనుకున్నా. వారం తిరక్కుండా కాక ఫోన్: "బిడ్డా, రెడీ సైజు అడిగినామెకు ఎనిమిది అడుగులది నేసి పంపిన, ఆమె నాకెందుకు గింత పొడుగని వాపస్ పంపింది. నీ కాగితంల ఎనిమిదనే ఉన్నది మరి!"

ఉంటుంది. టెక్స్ట్ బాక్స్ ఖాళీగా ఉండగలదు గానీ స్లైడర్‌కి ఖాళీ అనేదే లేదు. మనం విలువ ఇవ్వకపోతే బ్రౌజరే నడిమధ్యన పెట్టేస్తుంది, 4కి 12కి మధ్య 8. అసలు మిన్, మాక్స్ (కనిష్ఠం, గరిష్ఠం) కూడా ఇవ్వకపోతే 0 నుంచి 100 అనుకుని 50 దగ్గర నిలబెడుతుంది. ఆమె ముట్టుకోని స్లైడర్ తరఫున ఆ 8 ఫారంతో పాటు వెళ్లిపోయింది, ఎందుకంటే సీఎస్ఎస్ ఆపేది మౌస్‌నీ వేలినీ మాత్రమే, ఫారంకి దాంతో సంబంధం లేదు. పైగా ట్యాబ్ కొట్టుకుంటూ వెళ్లి బాణం కీ నొక్కితే ఆ స్లైడర్ హాయిగా కదులుతుంది కూడా. దీన్ని లాక్ అనడమే తప్పు.

అదే డిజేబుల్డ్ పెడితే మౌస్ పోతుంది, కీబోర్డ్ పోతుంది, ట్యాబ్ దాని మీద ఆగదు, ముఖ్యంగా ఫారంలో ఆ విలువ అసలు వెళ్లదు. కాక కాగితంలో పొడుగు గడి ఖాళీగా వస్తుంది, అంటే రెడీ సైజని అర్థం. నా లెక్కలో మిగతావన్నీ పక్కన పెట్టి ముందు అడగాల్సింది ఇదే: ఆపేసిన స్లైడర్ విలువ అవతలికి వెళ్లాలా, వద్దా?

వెళ్లాల్సిన సందర్భాలూ ఉంటాయి. ఒక డిజైన్ 6 అడుగుల్లోనే నేస్తారనుకోండి, స్లైడర్ 6 దగ్గర ఆగిపోవాలి, 6 ఆర్డర్లోకి రావాలి. చూడొచ్చు గానీ మార్చలేమని చెప్పే రీడ్‌ఓన్లీ పెడితే సరిపోదా అంటారు, రేంజ్‌కి (హెచ్‌టీఎంఎల్‌లో స్లైడర్ పేరు అదే) అది వర్తించదు, బ్రౌజర్ పట్టించుకోదు. ఆరియా-డిజేబుల్డ్‌కి ఇక్కడే విలువ ఉంది: ట్యాబ్‌తో దాని దగ్గరికి వెళ్లొచ్చు, చూపులేనివాళ్లకి స్క్రీన్ రీడర్ ఇది పనిచేయదని చెబుతుంది, విలువా వెళ్తుంది. కానీ అది చెప్పడం వరకే, ఆపడం మన పని. ఇన్‌పుట్ ఈవెంట్ వచ్చిన (అంటే స్లైడర్ కదిలిన) ప్రతిసారీ విలువని మళ్లీ 6కి తేవాలి, లాగినప్పుడు బటన్ కాస్త ఎగిరెగిరి పడుతుంది, నాకది నచ్చదు. నేనైతే స్లైడర్‌ని డిజేబుల్ చేసి, అదే పేరుతో ఒక హిడెన్ ఇన్‌పుట్‌లో, అంటే పేజీలో కనపడని గడిలో, 6 పెడతాను. స్లైడర్ తెరిచినప్పుడు ఆ హిడెన్‌ని డిజేబుల్ చేయడం మరిచిపోతే మాత్రం రెండు పొడుగులు వస్తాయి, మళ్లీ కాక ఫోన్.

తెరవడంలో మావాళ్లు ఎక్కువగా పడే గుంట ఒకటుంది. డిజేబుల్డ్ ఈక్వల్స్ ఫాల్స్ అని హెచ్‌టీఎంఎల్‌లో రాసినా అది లాక్‌గానే ఉంటుంది, ఆ మాట అక్కడ ఉంటే చాలు, దాని పక్కన ఏం రాశామన్నది లెక్కలోకి రాదు. స్క్రిప్ట్‌లో సెట్‌ఆట్రిబ్యూట్‌తో ఫాల్స్ ఇచ్చినా అంతే. జావాస్క్రిప్ట్‌లో స్లైడర్ డాట్ డిజేబుల్డ్‌కి ట్రూ, ఫాల్స్ ఇవ్వండి, గొడవ ఉండదు. ఫైర్‌ఫాక్స్‌లో ఇంకో వింత: స్క్రిప్ట్‌తో ఆపిన స్లైడర్ పేజీ రీలోడ్ చేశాక కూడా ఆగే ఉండొచ్చు. ఆ స్లైడర్‌కి ఆటోకంప్లీట్ ఆఫ్ పెడితే ఆ టెన్షన్ ఉండదు.

మూడు నాలుగు స్లైడర్లని ఒకేసారి ఆపాలంటే వాటిని గుంపుగా చుట్టే ఫీల్డ్‌సెట్‌ని డిజేబుల్ చేయండి, పని అయిపోతుంది. ఇనర్ట్ అని ఒకటుంది, అది పేజీలో పెద్ద భాగాన్ని మొత్తం పక్కన పెట్టడానికి, ఒక్క స్లైడర్‌కి అక్కర్లేదు.

డిజేబుల్డ్‌తో నాకు మిగిలిన తలనొప్పి ఒకటే. బూడిద రంగులోకి మారిన స్లైడర్‌ని చూసి, పేజీ పాడైందని నలుగురైదుగురు కాకకి ఫోన్ చేశారు. ఇప్పుడు దాని కింద "సొంత కొలత ఎంచుకుంటే ఇది కదులుతుంది" అని ఒక లైన్ రాసి పెట్టాను, స్లైడర్ తెరుచుకోగానే ఆ లైన్ మాయమవుతుంది. కాక మాత్రం అక్షరాలు ఇంకా పెద్దగా ఉండాలంటున్నాడు.