శుక్రవారం చూసుకుని వెళ్లాల్సిన ఊరు ఇథాకా

న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాకి ప్లాన్ వేసేవాళ్లు హోటల్ కంటే ముందు వారం చూసుకోవాలి. కార్నెల్ యూనివర్సిటీలోని ఫ్యూర్టెస్ అబ్జర్వేటరీని జనం కోసం తెరిచేది శుక్రవారం రాత్రి, అదీ ఆకాశం తేటగా ఉంటేనే. టికెట్ లేదు, బుకింగ్ లేదు. నడిపేదంతా కార్నెల్ ఆస్ట్రనామికల్ సొసైటీ అనే స్టూడెంట్ క్లబ్. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి కారులో నాలుగు గంటలు పడుతుంది, పైగా అక్కడ మబ్బులు ఎక్కువ. అందుకని ఒక్క టెలిస్కోప్ కోసమే వెళ్లమని ఎవరికీ చెప్పను. రెండు రాత్రులు పెట్టుకుని వెళ్తే మాత్రం బాగుంటుంది.

మాకు బసే కుదరలేదు. కాంపస్ మధ్యలో స్టాట్లర్ హోటల్ ఉంది, హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థులు పని నేర్చుకునేది అక్కడే. రేటు చూసి హైవే పక్కనున్న మామూలు హోటల్‌లో దిగాం. రాత్రంతా హీటర్ గడగడలు, పొద్దున టిఫిన్ పేరుకి రెండు రకాల బ్రెడ్డు. మే నెలలో గ్రాడ్యుయేషన్ అప్పుడైతే ఇలాంటి గదులకి కూడా కొట్లాటే. పులిహోర డబ్బా వెంట తీసుకెళ్లడం మంచిదైంది.

నాన్న నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు. "ఈ చలిలో నేనెందుకురా" అంటూనే బయల్దేరారు. అబ్జర్వేటరీ కింది గదుల్లో పాత థియోడలైట్లు, లెవెల్స్ లాంటి సర్వే పరికరాలు కనబడేసరికి ఆయన కోటు గుండీలు విప్పేసి నిలబడిపోయారు. అవి అక్కడ ఉండటానికి కారణం ఉంది. 1917లో కట్టిన ఈ భవనం సివిల్ ఇంజనీరింగ్ కాలేజీది, దానికి పెట్టింది కూడా ఆ కాలేజీ పెద్ద ఎస్టెవాన్ ఫ్యూర్టెస్ పేరే. ఆ రోజుల్లో సర్వే చేసేవాళ్లు అక్షాంశం, సమయం, దిక్కు తేల్చుకోవాలంటే నక్షత్రాలే ఆధారం కాబట్టి ఇంజనీర్లకి ఖగోళం తప్పనిసరి చదువు. "మేమూ పరీక్షకి చదివాం, ధ్రువ నక్షత్రం పట్టుకుని అజిమత్ తియ్యడం" అన్నారు నాన్న. అజిమత్ అంటే ఉత్తరం నుంచి కొలిచే దిక్కు కోణం. క్లబ్ అమ్మాయి ఒకామె దగ్గరికొచ్చి ఏమన్నారని అడిగింది. చివరికి కోణాన్ని సూక్ష్మంగా చూపించే వెర్నియర్ స్కేలు ఎలా చదవాలో నాన్నే ఆమెకి చెప్పారు, నేను ఇంగ్లీషులో అందించాను. ఆమె తల ఊపి ఊరుకోలేదు, స్కేలు మీద ఏ గీత ఏ గీతతో కలిసిందో వేలుపెట్టి చూపించి సరిచూసుకుంది.

పైన డోమ్‌లో ఉన్నది 12 అంగుళాల రిఫ్రాక్టర్, అంటే కటకాలతో చూపించే టెలిస్కోప్. ఇర్వింగ్ పోర్టర్ చర్చ్ అనే కార్నెల్ ప్రొఫెసర్ పేరుతో 1922లో పూర్తయింది. కటకాలు బ్రాషియర్ కంపెనీవి, స్టాండు వార్నర్ అండ్ స్వేజీది. భూమి తిరుగుతున్నా నక్షత్రం కంట్లోంచి జారిపోకుండా టెలిస్కోప్‌ని నెమ్మదిగా తిప్పేది బరువు కిందికి దిగుతుంటే నడిచే గడియారపు యంత్రం. దాని పళ్లచక్రాల గురించి నాన్న అడిగిన ప్రతిదానికీ క్లబ్ పిల్లలు ఓపిగ్గా జవాబు చెప్పారు.

ముందు హంస నక్షత్రరాశిలోని ఆల్బిరియో. మామూలు కంటికి ఒకటే చుక్క, ఇందులో పసుపు ఒకటి, నీలం ఒకటి. తర్వాత శని. 2025 మార్చిలో వలయాలు భూమికి అంచువైపు తిరిగాయి కదా, ఇంకా పల్చటి గీతలాగే ఉన్నాయి. ఫొటోల్లో చూసిన వెడల్పాటి వలయం కోసం వచ్చిన పిల్లలు కాస్త డీలా పడ్డారు. నాకు మాత్రం ఆ గీతే నచ్చింది. దక్షిణాన కిందికి ఉన్నదాన్ని చూడాలంటే కన్ను పెట్టే చోటు పైకి లేస్తుంది, నిచ్చెన ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తే నడినెత్తిన ఉన్నవి చూపించమని అడగండి. డోమ్‌లో హీటరు ఉండదు, వేడి గాలి లేస్తే బొమ్మ వణుకుతుంది. టోపీ, గ్లవ్స్ తప్పవు. ఫోన్ టార్చ్ వెయ్యొద్దు, అక్కడందరివీ ఎర్ర లైట్లే. క్యూలో అరగంట నిలబడితే కన్ను పెట్టేది నిమిషం లోపే. అయినా డబ్బు తీసుకుని చూపించే ప్లానెటేరియం షోలో నాకు ఇంత దొరకలేదు.

మర్నాడు పగలు సేగన్ ప్లానెట్ వాక్, అంటే సౌరకుటుంబాన్ని కుదించి సూర్యుడికీ గ్రహాలకీ ఒక్కో రాయి నిలబెట్టిన నడకదారి. ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ 1968 నుంచి 1996లో పోయేదాకా కార్నెల్‌లోనే ఉన్నారు, ఆయన గుర్తుగా 1997లో పెట్టారు. అయిదు వందల కోట్ల వంతు స్కేలు. ఊరి నడిబొడ్డున కామన్స్‌లో సూర్యుడు, అక్కడికి 1.2 కిలోమీటర్ల దూరంలో ప్లూటో. మన భూమి ఆవగింజంత. ఇదీ ఉచితమే, పిల్లలుంటే దీన్ని శుక్రవారం సాయంత్రమే నడిపించి రాత్రికి టెలిస్కోప్ దగ్గరికి తీసుకెళ్లడం మేలు. మేం తలకిందులుగా చేశాం, శని రాయి దగ్గరికి వచ్చేసరికి మావాడు "రాత్రి చూశాంగా" అని ముందుకు పరిగెత్తాడు.

ఇథాకా దగ్గర్లోని టగానక్ జలపాతం 215 అడుగులు, నయాగరా కంటే ఎత్తు. నీళ్లు మాత్రం ఆకురాలే కాలంలో బాగా తక్కువ. జలపాతమే ముఖ్యమనుకుంటే మంచు కరిగాక ఏప్రిల్‌లో వెళ్లండి, కాకపోతే ఆ నెలలో శుక్రవారం రాత్రి మబ్బు లేకుండా దొరకాలి.