జీతం ఎక్కువ పడితే ఏ బటన్ నొక్కాలి? మా పేరోల్ పోర్టల్ రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను: అయిదుకి రెండు. ఆ రెండూ పేస్లిప్ పేజీ పుణ్యమే. హెల్ప్‌డెస్క్‌కి విడిగా సున్నా ఇద్దామనుకున్నాను గానీ అక్కడ సున్నా పెట్టలేదు, లెక్క ఒకటి నుంచే మొదలు.

పోర్టల్ పేరు రాయను, మా కంపెనీ పేరు ఎలాగూ రాయను. జీతాల పని బయటి సంస్థకి అప్పజెప్పిన చోట పనిచేసేవాళ్లందరూ ఇలాంటిదే ఏదో ఒకటి వాడుతుంటారు. పేస్లిప్ దించుకోవడం, సెలవులు చూసుకోవడం, ఏడాదికోసారి పన్ను డిక్లరేషన్ పెట్టడం, అంతే. నేను పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లకి యూజర్ మాన్యువల్స్ రాస్తున్నాను. ఏ బటన్ ఎందుకుందో, ఉండాల్సిన బటన్ ఎందుకు లేదో చూడటం నా వృత్తిరోగం. కాబట్టి నా చిరాకులో కొంత ఆ రోగానిది.

జీతం పడిన మెసేజ్ చూసి ఫోన్ పక్కన పెట్టేశాను, మళ్లీ తీశాను. అంకె పెద్దదిగా ఉంది. కళ్లు తిరిగేంత కాదు, మామూలు జీతం మీద మూడోవంతు ఎక్కువ. చిక్కంతా ఆ మూడోవంతులోనే ఉంది. పదింతలు పడితే అది పొరపాటని ఎవరికైనా తెలుస్తుంది. మూడోవంతు పడితే మాత్రం మనసు మనకంటే ముందు లేచి కారణాలు వెతికి పెడుతుంది. నా దగ్గర ఒకటి సిద్ధంగానే ఉంది: రెండు నెలల కిందట ఒక రిలీజ్ కోసం వరసగా మూడు శని ఆదివారాలు పనిచేశాను, ఆ డబ్బు ఇంకా రావాలి. "వచ్చేసిందిలే" అనుకున్నాను. ఆ "లే" ఎంత హాయైన అక్షరమో!

పేస్లిప్ తెరిచాను. ఇక్కడ పోర్టల్‌ని మెచ్చుకోవాలి. బేసిక్ ఎంత, అలవెన్సులు ఎంత, పన్ను ఎంత కోశారు, ఈ ఏడాది మొదలు ఇప్పటిదాకా ఎంత అయింది, అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. పాత నెలతో పోల్చి చూపించే బొమ్మ కూడా ఉంది. అందులో కొత్తగా ఒక వరస: "అరియర్స్", అంటే పాత బకాయి. ఏ నెలవి, దేనికి, ఎవరు ఆమోదించారు? ఏమీ లేదు. నొక్కితే తెరుచుకుంటుందేమోనని నొక్కాను. తెరుచుకోలేదు.

కాగితం తీసి లెక్కేశాను. ఆరు రోజుల పనికి పాలసీలో రాసిన రేటు ప్రకారం రావాల్సింది ఒకటి, వచ్చింది దానికి సరిగ్గా రెట్టింపు. కొంచెం అటూ ఇటూగా ఉంటే రేటు పెంచారేమో అనుకునేదాన్ని. సరిగ్గా రెట్టింపు అయ్యేసరికి ఒకే పద్దు రెండుసార్లు ఎక్కిందన్న అనుమానం వచ్చింది. అయినా ఖాయంగా చెప్పలేను. సెలవు రోజు పనికి రెట్టింపు ఇచ్చే పద్ధతి చాలా చోట్ల ఉంది, మాకూ పెట్టారేమో.

పక్క సీటు అమ్మాయికి చెప్పాను. "అక్కా, వాళ్లు అడిగితే ఇద్దురు గానీ, అడగకపోతే మీ అదృష్టం. మనకి తక్కువ పడినప్పుడు వాళ్లేమన్నా పరిగెత్తుకొచ్చారా?" అంది. కాదనలేకపోయాను. పోయినేడు నా ప్రయాణ ఖర్చుల బిల్లు నాలుగు నెలలు తిప్పించుకున్నారు. రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. ఆయన బ్యాంకులో క్యాషియర్‌గా రిటైరయ్యారు. ఆయన తీర్పేమీ ఇవ్వలేదు, తన సంగతే చెప్పారు. "సాయంత్రం క్యాష్ తగ్గితే జేబులోంచి వేసేవాళ్లం. ఎక్కువొస్తే సండ్రీలో, అంటే ఎవరిదో తేలని సొమ్ము ఉంచే ఖాతాలో, జమ చేసేవాళ్లం. ఎక్కువొచ్చిన రోజు కూడా తగ్గిన రోజులాగే ఇంటికి ఆలస్యమయ్యేదమ్మా, ఎక్కడ తేడా వచ్చిందో దొరికేదాకా."

"అడగకపోతే మనదే" అన్న మాట చట్టం ముందు నిలబడదు. భారత కాంట్రాక్ట్ చట్టం 1872లోదే, అందులో 72వ సెక్షన్ ఒక్క వాక్యం: పొరపాటున డబ్బు ఎవరి చేతికి వచ్చిందో వాళ్లు తిరిగి ఇవ్వాలి. పైగా 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం, పొరపాటు మీద వేసే దావాకి గడువు ఆ పొరపాటు బయటపడినప్పటి నుంచి, లేదా తగిన శ్రద్ధ పెడితే బయటపడి ఉండేదన్న నాటి నుంచి లెక్క. అంటే ఆర్నెల్లు ఊరుకుంటే ఆరిపోయే విషయం కాదు. పక్క సీటు అమ్మాయి మర్నాడు ఇంకో అస్త్రం తెచ్చింది: "సుప్రీంకోర్టే వసూలు చెయ్యొద్దందట." నిజమే, 2014 డిసెంబరులో రఫీక్ మసీహ్ కేసులో అంది. కానీ అది కింది తరగతుల ప్రభుత్వోద్యోగులు, రిటైరైనవాళ్లు, ఏడాదిలో రిటైరయ్యేవాళ్లు, అయిదేళ్లకి పైగా తెలియకుండా ఎక్కువ అందుకున్నవాళ్లు, ఇలాంటివాళ్ల దగ్గర వసూలు చేస్తే అన్యాయమవుతుందని చెప్పిన తీర్పు. ఒక్క నెల జీతంలో తేడా కళ్లారా చూసి కాగితం మీద లెక్కేసుకున్న నాలాంటిదాని కోసం కాదు.

సరే, చెబుదామని హెల్ప్‌డెస్క్‌లోకి వెళ్లాను. సమస్య ఎంచుకోమంది. జీతం పడలేదు. జీతం తక్కువ పడింది. పన్ను ఎక్కువ కోశారు. బ్యాంకు ఖాతా మార్చాలి. పేస్లిప్ తెరుచుకోవడం లేదు. పాస్‌వర్డ్ మర్చిపోయాను. ఇతరములు. జీతం ఎక్కువ పడింది అన్నది లేదు. ఈ జాబితా రాసినవాళ్లకి అలాంటి మనిషి వస్తుందన్న ఊహే రాలేదన్నమాట. ఇతరములు నొక్కి, నా సంగతంతా రాశాను. అక్కడ మనిషి బదులు జవాబులిచ్చే ప్రోగ్రాం, బాట్, వెంటనే జవాబిచ్చింది: "మీ జీతం తక్కువగా జమ అయినందుకు చింతిస్తున్నాము." ఎక్కువ అని మళ్లీ రాశాను. మళ్లీ చింతించింది. మూడోసారి టికెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, చేతిలో పెట్టింది. రెండు రోజులకి మెయిల్: "మీ టికెట్ పరిష్కరించబడినది. మూసివేయబడినది."

నిజం చెప్పాలంటే, నా బుద్ధి గట్టిగా ఊగింది ఇక్కడే. జీతం పడిన రోజు కాదు. మూసేసిన టికెట్‌ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను కూడా. నేను చెప్పాను, వాళ్లే వద్దన్నారు, ఇక నా తప్పేముంది? ఒక సాయంత్రమంతా ఆ స్క్రీన్‌షాట్‌తోనే సంసారం చేశాను. కానీ నా టికెట్‌ని మనిషి చదవలేదని నాకు తెలుసు. చదవనివాడి మౌనాన్ని ఒప్పుకోలు కింద రాసుకోవడానికి చెయ్యి రాలేదు.

మా వృత్తిలో వాళ్లకి సిటీబ్యాంక్ కథ బాగా తెలుసు. 2020 ఆగస్టులో ఒక కంపెనీకి అప్పిచ్చినవాళ్లకి దాదాపు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపబోయి, అసలుతో కలిపి దాదాపు 90 కోట్ల డాలర్లు పంపేశారు. సాఫ్ట్‌వేర్ తెర మీద మూడు గడులు నింపాల్సిన చోట ఒకటే నింపారు. ముగ్గురు చూసి ఆమోదించారు, ముగ్గురూ సరిగ్గానే ఉందనుకున్నారు. కొందరు తిరిగి ఇచ్చారు, కొందరు సుమారు 50 కోట్లు మాకు రావాల్సినవేగా అని ఉంచుకున్నారు. 2021 ఫిబ్రవరిలో కింది కోర్టు ఉంచుకోవచ్చంది, 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు కుదరదంది. ఆ మూడు గడుల గురించి చదివినప్పుడల్లా, వాటి పక్కన ఒక్క వాక్యం సాయం రాసి ఉంటే అనిపిస్తుంది. మా పోర్టల్‌లో ఆ అరియర్స్ పక్కన కూడా ఒక్క వాక్యమే కావాలి.

చివరికి బాట్‌ని వదిలేసి, పాత మెయిళ్లలో వెతికి పేరోల్‌లో ఒక మనిషి ఐడీ పట్టుకున్నాను. పేస్లిప్, నా లెక్క, పాలసీ పేజీ జతచేసి రాశాను. ఈయనకి మాత్రం అయిదు నక్షత్రాలు. మర్నాడే ఫోన్ చేశారు. "మేడం, మీ మేనేజర్ గారు ఒకసారి షీట్‌లో పంపారు, ఒకసారి సిస్టంలో అప్రూవ్ చేశారు. రెండూ ఎక్కాయి" అన్నారు. అంటే సగం నాదే, సగం కాదు. మొత్తం ఉంచుకున్నా తప్పే, భయపడి మొత్తం తిరిగిచ్చేసినా నాకు నష్టమే.

ఇక్కడొక మెలిక ఉంది, దీనికోసమే ఈ రివ్యూ చదవండి. వాళ్ల సిస్టం నుంచి ఆటోమేటిక్‌గా వచ్చిన మొదటి నోటీసు, పన్ను కోయకముందు అంకె కట్టమంది. ఎక్కువ వేసింది వంద అనుకోండి, పన్ను ముప్పై పోయి నా ఖాతాలో పడింది డెబ్భై. నన్ను వంద పంపమంటున్నారు. ఆ ముప్పై నేను కళ్లతో చూడలేదు, అది నా పేరు మీద పన్ను శాఖకి వెళ్లిపోయింది. వంద బ్యాంకు నుంచి పంపేస్తే, పుస్తకాల్లో నా ఆదాయం సరిచేసేదాకా ఆ ముప్పై నా చేతి చమురే. అదే రాబోయే జీతాల్లోంచి సర్దుకోమంటే, ఆదాయం తగ్గుతుంది కాబట్టి కోసే పన్ను కూడా తగ్గి లెక్క దానంతటదే సరిపోతుంది. పన్ను సంవత్సరం దాటకముందే ఈ పని తేలిక, దాటాక తిరుగుళ్లు ఎక్కువ. పేరోల్ ఆయన వెంటనే ఒప్పుకుని రెండు విడతలుగా కోస్తామని రాతపూర్వకంగా పంపారు. ఈలోగా ఆ సొమ్మును వేరే ఖాతాలోకి మార్చి ముట్టుకోలేదు. ఇంకో మాట, జీతం ఎక్కువ పడింది, ఫలానా ఖాతాకి తిప్పి పంపండి అని ఎవరో ఫోన్ చేస్తే మాత్రం పంపకండి. ముందు మీ పేస్లిప్‌లో ఆ ఎక్కువ ఉందో లేదో చూసుకుని, మీకు తెలిసిన నంబరుకి మీరే ఫోన్ చెయ్యండి.

మొదటి విడత పోయిన నెల కోశారు, రెండోది ఈ నెల. రెండుసార్లూ కాగితం మీద వేసి చూసుకున్నాను, సరిపోయింది. పోర్టల్ మాత్రం దాన్ని ఎర్రక్షరాల్లో "రికవరీ" అని చూపిస్తోంది, నేనేదో అడ్వాన్సు తీసుకుని ఎగ్గొట్టినట్టు. ఆ మాట మార్చమనీ, జాబితాలో "జీతం ఎక్కువ పడింది" చేర్చమనీ సూచనల పెట్టెలో రాశాను. వాక్యం కూడా నేనే రాసిచ్చాను, ఊరికే. నిన్న బాట్ నుంచి జవాబొచ్చింది. జీతం తక్కువ పడినందుకు చింతిస్తోందట.